ఇంట్లో బ్రెడ్డు, కేకు, పక్కన సైడ్ డిష్‌లు: ఏళ్ల తరబడి చేశాక ఏవి నిలబడ్డాయి

చాలా ఏళ్లుగా మా ఇంట్లో బ్రెడ్డు బయట కొనడం దాదాపు మానేశాం, కేకు కూడా అంతే, వాటి పక్కన తినే కూరగాయలో సలాడో అవీ ఇంట్లోవే, కాబట్టి ఇది ఒకసారి చేసి ఫొటో తీసుకుని రాస్తున్న రివ్యూ కాదు. నా నోట్‌బుక్‌లో రెసిపీలు బోలెడున్నాయి గానీ రోజువారీ వాడకంలో నిలబడ్డవి మాత్రం గుప్పెడే. ఆ నిలబడ్డవాటన్నిట్లో ఒకటి కామన్‌గా కనిపించింది నాకు, కొలతలు గ్రాముల్లో ఉంటాయి, పైగా ఎన్ని నిమిషాలు అని చెప్పి వదిలేయకుండా ఎలా కనిపిస్తే, ఎలా ఉంటే తీసేయాలో కూడా చెప్తాయి.

కప్పు కొలతల మీద నాకు అస్సలు నమ్మకం లేదు. మైదాని చెంచాతో కప్పులో నెమ్మదిగా వేసి పైన చదును చేస్తే సుమారు 120 గ్రాములు తూగుతుంది, అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. నాలుగు కప్పుల రెసిపీలో ఆ తేడా మొత్తం ఒక కప్పు పిండి అంత! బ్రెడ్డు రాయిలా వచ్చిందని ఈస్ట్‌ని తిట్టేవాళ్లు ముందు ఒక చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి, దానితో పాటు ఒవెన్ లోపల పెట్టే థర్మామీటర్ కూడా, ఎందుకంటే బయట డయల్ మీద 200 అని ఉంటే లోపల నిజంగా 200 ఉండాలని ఏమీ లేదు.

ఇంక అసలు విషయం, పిసకక్కర్లేని బ్రెడ్డు. ఇది జిమ్ లాహీ అనే బేకర్ పద్ధతి, 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాక ప్రపంచమంతా పాకింది, నా లిస్టులో ఇప్పటికీ ఫస్ట్ ప్లేస్ దీనిదే. 400 గ్రాముల మైదా, 300 గ్రాముల నీళ్లు, 8 గ్రాముల ఉప్పు, పావు టీస్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, అంతే. చెంచాతో కలిపి మూత పెట్టి 12 నుంచి 18 గంటలు వదిలేయాలి, ఎండ ఎక్కువున్న రోజుల్లో ఇంకా ముందే అయిపోతుంది కాబట్టి గడియారం కాదు పిండిని చూడాలి, రెట్టింపు పైగా పొంగి పైనంతా బుడగలు ఉంటే రెడీ అన్నట్టు. పిసక్కుండా ఎలా కుదురుతుందని అందరూ అడుగుతారు. పిండిలోని ప్రోటీన్లు నీళ్లు తగిలి తమంతట తామే అతుక్కుని గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి, మనం పిసకడం వల్ల ఆ పని తొందరగా అవుతుంది అంతే, ఇక్కడ ఆ పని టైమ్ చేసిపెడుతుంది. తర్వాత మడిచి గుండ్రంగా చేసి ఇంకో గంట రెండు గంటలు ఉంచి, ఒవెన్‌లో బాగా కాలిన మూతున్న ఇనుప గిన్నెలో 230 డిగ్రీల దగ్గర మూతతో అరగంట, మూత తీసి ఇంకో పావుగంట. మూత వల్ల పిండిలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండి పైపొర వెంటనే గట్టిపడకుండా చూస్తుంది, ఆ లోపు బ్రెడ్డు పొంగాల్సినంత పొంగుతుంది. కాలాక చల్లారేదాకా కొయ్యొద్దు ప్లీజ్, లోపల ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, వేడి మీద కోస్తే జిగురు జిగురుగా అనిపిస్తుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టకండి, ఫ్రిజ్ చల్లదనానికి స్టార్చ్ ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని కావాల్సినప్పుడు టోస్ట్ చేసుకోవడమే బెస్ట్.

అరటిపండు బ్రెడ్డు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, తొక్క నల్లబడిన పళ్లుంటే చాలు, ఎంత మగ్గితే అంత తీపి. ఒక్క మాట మాత్రం, బేకింగ్ సోడా బదులు బేకింగ్ పౌడర్ అదే కొలతలో వేసేయకండి, సోడా బలం మూడు నాలుగు రెట్లు ఎక్కువ, పైగా దానికి పెరుగో మజ్జిగో ఏదో ఒక పులుపు ఉంటేనే పూర్తిగా పని చేస్తుంది. పిండి వేశాక ఎక్కువ కలపకూడదు, పొడి పిండి కనిపించడం ఆగిందంటే చేయి ఆపేయాలి. మామూలు కేకుకి నేను వేరే రెసిపీ చూడను, గుడ్లు తూచి అదే బరువు వెన్న, పంచదార, మైదా, ఎన్ని గుడ్లున్నా లెక్క కుదురుతుంది.

సైడ్ డిష్‌లలో నన్ను బాగా మార్చింది ఒవెన్‌లో కాల్చిన కూరగాయలు. క్యారెట్, కాలీఫ్లవర్, ఉల్లిపాయ ఏదైనా సరే, తడి బాగా తుడిచి నూనె ఉప్పు పట్టించి 220 డిగ్రీల దగ్గర, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పెట్టాలి. ఇరుకుగా పోస్తే వాటి నీటిలో అవే ఉడికిపోతాయి తప్ప ఎర్రగా కాలవు, రెండో ట్రే తీయడానికి బద్ధకించొద్దు. బంగాళాదుంపలైతే ఇంకో మెట్టు ఉంది, ముందు నీళ్లల్లో ఉప్పుతో పాటు చిటికెడు బేకింగ్ సోడా వేసి అంచులు మెత్తబడేదాకా ఉడికించి, వార్చేసి గిన్నెని గట్టిగా ఊపితే పైనంతా గరుగ్గా ముద్ద పట్టినట్టు అవుతుంది, ఆ గరుకే ఒవెన్‌లో కరకరలాడే పొర. సోడా వల్ల దుంపని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం తొందరగా కరుగుతుంది కాబట్టి అంత బాగా వస్తుంది, మా ఇంట్లో ఇది ట్రేలోంచి ప్లేటు దాకా రావడమే కష్టం.

మెత్తటి మ్యాష్ కావాలంటే దుంపల్ని చల్లని నీళ్లల్లో వేసి మొదలుపెట్టాలి, లోపలా బయటా సమానంగా ఉడుకుతాయి. మిక్సీలో మాత్రం వేయొద్దు, స్టార్చ్ అంతా బయటికొచ్చి బంకలా సాగుతుంది, చేత్తో మెదపడమే. క్యాబేజీ సలాడ్‌కి తరుగులో ఉప్పు కలిపి అరగంట ఉంచి నీళ్లు పిండేస్తే సాయంత్రం దాకా అడుగున నీళ్లు తేలవు, ఆ ఉప్పు లెక్కలో పెట్టుకుని డ్రెస్సింగ్‌లో తగ్గించండి. డ్రెస్సింగ్ అంటే మూడొంతులు నూనె, ఒక వంతు వెనిగర్, కొంచెం ఆవాల పేస్టు, సీసాలో వేసి ఊపడం. ఆవాల పేస్టు రుచికే కాదు, నూనె వెనిగర్ వెంటనే విడిపోకుండా అదే పట్టుకుంటుంది.

ఇంకా తృప్తిగా కుదరనిది ఒక్కటే, పూర్తి గోధుమపిండి బ్రెడ్డు. పొట్టు ముక్కలు గ్లూటెన్‌ని తెంపుతూ ఉంటాయి కాబట్టి బరువుగా వస్తుంది. ప్రస్తుతానికి 400 గ్రాముల్లో 120 గోధుమపిండి, మిగతా మైదా, నీళ్లు ఇంకో 20 గ్రాములు ఎక్కువ, ఈ కొలతకి రుచీ ఉంది పొంగూ ఉంది, ఇంతకన్నా గోధుమపిండి పెంచి మెత్తగా తీసినవాళ్లుంటే మీ కొలతలు గ్రాముల్లో పెట్టండి, ఈ వారమే చేసి చూస్తా.