స్కిడ్-5-పీడీ: ‘అవును’ దగ్గర ఆగిపోకపోతే మంచి పనిముట్టే

వార్డులో ఎవరికైనా పర్సనాలిటీ డిజార్డర్ (ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టే స్వభావ సమస్య) ఉందేమోనని అనుమానమొస్తే, సైకాలజిస్టుగా నేను ముందు తీసేది స్కిడ్-5-పీడీ అనే ఈ ఇంటర్వ్యూ పుస్తకమే. మానసిక జబ్బుల లక్షణాలు రాసిన అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5లోని 10 పర్సనాలిటీ డిజార్డర్లకూ ఇందులో ప్రశ్నలున్నాయి. మొదట పేషెంటు 106 ప్రశ్నల ఫారంలో అవును, కాదు అని గుర్తు పెడతారు. ‘అవును’ అన్నవాటి గురించి మనం ఎదురుగా కూర్చుని అడిగి 0 (లేదు), 1 (కొంతవరకే), 2 (కచ్చితంగా ఉంది)లలో ఒకటి వేస్తాం.

ఫారం ఒక్కటే చూసి డిజార్డర్ పేరు పెట్టేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. డిప్రెషన్ ముదిరి అడ్మిటైన మనిషి ఆ రోజుల్లో దేనికైనా అవుననే అంటాడు. నలుగురిలోకి వెళ్లలేను, సొంతంగా ఏదీ తేల్చుకోలేను, బతికి ఏం లాభం... ఇంకేముంది, అవాయిడెంట్ (చిన్నచూపు చూస్తారన్న భయంతో తప్పుకోవడం), డిపెండెంట్ (అన్నిటికీ ఇంకొకరిపై ఆధారపడటం), బోర్డర్‌లైన్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా లేకపోవడం) మూడు డిజార్డర్లూ ఒకేసారి తేలతాయి. అందుకే మనిషి కాస్త తేరుకున్నాకే నేను మొదలుపెడతాను. ‘ఈ జబ్బు రాకముందు కూడా ఇలాగే ఉండేవారా?’ అని ప్రతిదానికీ అడుగుతాను. వీలైతే ఇంట్లోవాళ్లనూ అడుగుతాను.

దీని అసలు బలం ఎదురెదురుగా కూర్చున్నప్పుడే తెలుస్తుంది. దగ్గరి స్నేహితులు లేరనడం మనుషుల పొత్తే అక్కర్లేదనుకునే స్కిజాయిడ్‌లోనూ ఉంది, వింత నమ్మకాలు, అనుమానాలు ఉండే స్కిజోటైపల్‌లోనూ ఉంది. అవాయిడెంట్ మనిషికీ స్నేహితులు తక్కువే. ‘ఎందుకు లేరు?’ అని అడిగితేనే దారులు విడిపోతాయి. అవసరం అనిపించలేదంటే ఒకటి, వాళ్లేదో కీడు తలపెట్టారంటే ఇంకొకటి. ‘వెళ్లాలనే ఉంటుందండీ, నన్ను చూసి నవ్వుతారేమోనని...’ అని గొంతు తగ్గించేస్తే స్కిజాయిడ్ దాదాపు పక్కకు పోయినట్టే. అప్పుడు అవాయిడెంట్‌కూ, సోషల్ యాంగ్జైటీ (నలుగురిలోకి వెళ్లాలంటే భయపడే జబ్బు)కీ తేడా ఏమిటన్న తలనొప్పి మొదలవుతుంది. అది ఈ పుస్తకంతో తీరేది కాదు.

తీరనిది ఇంకొకటుంది. బోర్డర్‌లైన్‌కు 9 లక్షణాల్లో ఏ 5 ఉన్నా చాలు. అంటే అదే పేరున్న ఇద్దరికి ఒక్క లక్షణమే ఉమ్మడిగా ఉండొచ్చు! తప్పు ఇంటర్వ్యూది కాదు, గడులు అలా గీసిన డీఎస్ఎంది. 2022లో అమల్లోకొచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) దాదాపు ఈ పేర్లన్నీ తీసేసి, ముందు తీవ్రత ఎంతో చూడమంటుంది. బోర్డర్‌లైన్‌ను మాత్రం ఒక ప్యాటర్న్‌గా ఉంచింది. ఒకే పేషెంటుకు మూడు పేర్లు రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ పద్ధతే నయమనిపిస్తుంది.

5కి 3.5 ఇస్తాను. పొడవు ఎక్కువ, పేషెంటు అలసిపోతారు, మధ్యలో టీకి లేవనివ్వండి. శిక్షణ లేనివాళ్లు మాత్రం దీన్ని కొనకపోవడమే మంచిది.