మినియేచర్లకు ప్రైమర్: స్ప్రే మేలా, బ్రష్ మేలా?

బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధాల ఆట వార్‌హ్యామర్ స్టార్టర్ సెట్ కొన్నా, కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం నాలుగు విడి బొమ్మలు కొన్నా, ప్రైమర్ గురించి, అంటే రంగులకు ముందు వేసే పూత గురించి, ఏ వీడియో పెట్టినా మొదట వినిపించే సలహా ఒకటే: స్ప్రే డబ్బా తెచ్చుకో, పది నిమిషాల్లో పనైపోతుంది. సలహాలో తప్పేమీ లేదు, కానీ అది ఎక్కువగా ఇంగ్లండ్ వాతావరణానికి సరిపోయేది. ఆగస్టులో విశాఖ మేడ మీద అదే పని చేస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుగ్గా తయారవుతుంది. మా లెక్క ఇదీ: కోస్తాలో ఉండే కొత్తవాళ్లకు ఏడాది పొడుగునా బ్రష్ ప్రైమరే మేలు. హైదరాబాద్‌లో అయితే చలికాలంలో స్ప్రే, మిగతా నెలల్లో బ్రష్. హ్యూస్టన్‌లాంటి ఉక్కపోత ఊళ్లలో ఉన్న మనవాళ్లకూ కోస్తా లెక్కే వర్తిస్తుంది.

అసలు ప్రైమర్ మానేస్తే ఏమవుతుందంటారా? అక్రిలిక్ రంగు నున్నటి ప్లాస్టిక్ మీద పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఎలాగో పరిచినా, ఆటలో నాలుగుసార్లు పట్టుకునేసరికి కత్తి మొనల దగ్గర, మోకాళ్ల దగ్గర లేచిపోతుంది. కొండపల్లి బొమ్మకు రంగులకు ముందు తెల్ల పూత వేస్తారే, అలాంటిదే ఇదీ.

ఏ ప్రైమరైనా ముందు చేయాల్సిన పనులు మాత్రం మారవు. అచ్చు ముక్కలు కలిసిన చోట మిగిలే గీతలను కత్తి వీపుతో గీకేయాలి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. అచ్చులో పోసి చేసే రెజిన్ బొమ్మలకు ఇది తప్పనిసరి, ఎందుకంటే అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు వాటి మీద మిగిలి ఉంటుంది. ప్రైమర్ పొరలుగా ఊడిపోయిందంటే చాలాసార్లు దోషి ఆ జిడ్డే. తర్వాత బొమ్మను డబుల్ సైడ్ టేపుతో ఖాళీ టానిక్ సీసా మూతకు అతికిస్తే, చేత్తో తాకకుండా తిప్పుకోవచ్చు.

ఇక స్ప్రే. బాగా కుదిరితే దీని పూతంత పల్చగా, సమంగా బ్రష్‌తో రాదు, ఒప్పుకోవాల్సిందే. డబ్బాను రెండు నిమిషాలు ఆపకుండా ఊపాలి. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం పాటించాలి. నాజిల్‌ను బొమ్మకు పక్కన నొక్కి, బొమ్మ మీదుగా పోనిచ్చి, అవతల దాటాక వదలాలి. సూటిగా బొమ్మ మీదే నొక్కితే మొదట ఉమ్మే లావు చుక్కలు ముఖం మీద పడతాయి. మరీ దగ్గరైతే కవచం మీది సన్నని గీతలు పూడుకుపోతాయి. మరీ దూరమైతే రంగు దారిలోనే ఆరి, పొడిలా వచ్చి అతుక్కుంటుంది.

మన ఎండల్లో సరైన దూరం నుంచి కొట్టినా ఆ పొడి తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలకు ద్రావకం గాల్లోనే ఎగిరిపోతుంది. వానాకాలంలో కారణం వేరు. గాలిలో తేమ 70 శాతం దాటితే ఆ చెమ్మ తడి పూతలో చిక్కుకుని, గరుకుగానో పాలిపోయినట్టుగానో మిగులుతుంది. చలికాలమైనా తెల్లవారుజామున మంచు ఉంటుంది కాబట్టి, పది దాటాక, గాలి లేని పూట చూసుకోవాలి. ఆ పొడి పైపైన ఉంటే గట్టి టూత్‌బ్రష్‌తో రుద్దితే కొంత రాలుతుంది. లోపల పట్టేస్తే రంగు తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు స్ప్రేతో మరో చిక్కు: బాత్‌రూమ్‌లో కొట్టే పని కాదిది. మాస్క్ పెట్టుకుని బయటే కొట్టాలి, అదీ పక్కవాళ్ల బట్టలు ఆరేసిన వైపు కాకుండా. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో తెప్పించుకుందామంటే కుదరదు. ఈ డబ్బాలు మండే సరుకు, విమానం లగేజీలో ఎక్కనివ్వరు. మే నెల ఎండలో కారులో వదిలేయడం ప్రమాదం, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది.

బ్రష్ ప్రైమర్‌కు ఈ బాధలేవీ లేవు. వయెహో సర్ఫేస్ ప్రైమర్ లాంటి పాలీయురిథేన్ రకం తీసుకోండి. 28 ఎంఎం ఎత్తుండే బొమ్మకు మూడు నాలుగు చుక్కలు చాలు. నీళ్లు కలపకండి, పట్టు పోతుంది. నాలుగో నంబరు సింథటిక్ బ్రష్ వాడండి, ఖరీదైన సేబుల్ (జంతువు వెంట్రుకల) బ్రష్‌ను దీనికి బలి పెట్టొద్దు. సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, పై నుంచి కిందికి పల్చగా లాగండి. మొదటి పూతలో ప్లాస్టిక్ కనిపిస్తూనే ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఖాళీలు చూసి కంగారుపడి, సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెడతారు, పూత మీగడలా లేచి ముడతపడుతుంది. గంట ఆగి రెండో పూత వేస్తే అదే కప్పేస్తుంది. కళ్ల గుంటల్లో, వేళ్ల సందుల్లో నిలిచిన ప్రైమర్‌ను తుడిచిన పొడి బ్రష్ మొనతో పీల్చేయాలి. చేత్తో తాకితే ఆరినట్టే అనిపించినా, ఒక రోజంతా వదిలేయాలి. అప్పుడు గోటితో గీకినా రాకూడదు. బ్రష్‌ను మాత్రం వెంటనే కడగాలి, ఎండిందంటే ఇక దానికి జిగురు పనే గతి.

ఆర్ట్ షాపులో దొరికే జెస్సో (కాన్వాస్‌కు రంగులకు ముందు వేసే పూత) చవకే, పనికీ వస్తుంది, కాకపోతే సుద్దలా గరుకు. గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ అన్నిటికంటే మంచి ఫలితం ఇస్తుంది. కానీ పది బొమ్మల కోసం కంప్రెసర్ కొనమని ఎవరికీ చెప్పం.

ప్రైమర్ రంగు మాత్రం మీరు రంగులు వేయబోయే పద్ధతిని బట్టి ఎంచుకోవాలి. సిటడెల్ కాంట్రాస్ట్, ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్ లాంటి పల్చటి రంగులు వాడితే తెలుపో, లేత బూడిదో, దంతపు రంగో ఉండాలి. ఇవి పారదర్శకం, ఒక్క పూతలోనే లోతుల్లో నీడ, ఎత్తుల్లో వెలుగు వచ్చేస్తాయి. నల్ల ప్రైమర్ మీద వేస్తే ఏమీ కనిపించదు, జెస్సో మీద వేస్తే మరకలు పడతాయి. స్పీడ్‌పెయింట్ పాత స్టాకు అంటగడితే తీసుకోకండి. 2022 నాటి మొదటి రకం మీద తడి రంగు వేస్తే కింది పూత కరిగి పైకి వచ్చేది. 2023లో వచ్చిన 2.0లో ఆ లోపం సరిచేశారు.

బేస్‌కోట్ (అడుగు రంగు), వాష్ (లోతుల్లోకి పారే పల్చటి ముదురు రంగు), డ్రైబ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో ఎత్తుల మీద రుద్దడం) అనే పాత పద్ధతిలో వెళ్లేవాళ్లకు బూడిద రంగు నప్పుతుంది. నలుపు వేస్తే బ్రష్ అందని మూలలు నీడలా కలిసిపోతాయి, ఇనుప కవచాలకు అది బాగుంటుంది. పసుపు, ఎరుపు దుస్తులుంటే నలుపు జోలికి పోవద్దు, నాలుగు పూతలు వేసినా మురికిగానే ఉంటాయి. మొదటి పది బొమ్మలకు మా ఓటు లేత బూడిద మీద కాంట్రాస్ట్‌కే.

బేస్ (బొమ్మ నిలబడే పీఠం) విషయంలో నేలలా గరుకుగా కనిపించే రెడీమేడ్ టెక్స్చర్ పేస్టు కొనక్కర్లేదు. ఫెవికాల్‌కు సమానంగా నీళ్లు కలిపి పూసి, జల్లించి కడిగి ఆరబెట్టిన ఇసుక చల్లితే అదే పని అవుతుంది. ఇసుకను ప్రైమర్‌కు ముందే అతికించడం మేలు. పూత దాన్నీ పట్టి ఉంచుతుంది, రంగు వేసిన బూట్ల మీద జిగురు పడదు. థర్మకోల్‌తో రాళ్లు చేయాలనుకుంటే మాత్రం స్ప్రే, ఫెవిక్విక్ రెండూ దూరం పెట్టండి, రెండూ దాన్ని తినేస్తాయి. ఫెవికాల్‌తో అతికించి బ్రష్ ప్రైమర్ పూయండి. గడ్డి కుచ్చులు మాత్రం అన్నిటికంటే చివర, మ్యాట్ వార్నిష్ ఆరాక.