ఉప్పల్‌లో రెండు ఆటలు

2024 మార్చి 27 రాత్రి ఉప్పల్‌లో జరిగిన ఐపీఎల్ టీ20లో సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 277 బాదింది, ముంబై 246తో బదులిచ్చింది. కనులపండువే, కాదనను. అయితే మర్నాటికి ఏ సిక్సర్ ఎవరిదో గుర్తుండదు.

అదే మైదానంలో అదే ఏడాది జనవరిలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టు వేరు. అరంగేట్రం చేసిన ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ వేసిన తొలి బంతినే మన ఓపెనర్ జైస్వాల్ సిక్సర్‌గా మలిచాడు. టీ20లో అయితే కెప్టెన్ బంతి లాగేసుకునేవాడే! ఇక్కడ రెండో ఇన్నింగ్స్ ఉంది. 190 పరుగులు వెనకబడిన ఇంగ్లండ్‌ను బ్యాటర్ ఓలీ పోప్ 196తో నిలబెట్టాడు. హార్ట్‌లీ ఏడు వికెట్లు తీసి, నాలుగో రోజు మనల్ని 28 పరుగులతో ఓడించాడు.

డబ్బులో ఐపీఎల్‌కు పోటీ లేదు. భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అనే మూడు సంపన్న బోర్డులు తప్ప మిగతావాటికి టెస్టులు భారమే. అయినా ఒక్క టికెట్టే ఇస్తానంటే నేను నాలుగో రోజుదే అడుగుతాను, సెలవు దొరికితే.