విజయనగరంలో చిన్న ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచుతామంటే, డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తన ల్యాప్‌టాప్ చిన్నది: సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడుకునే మెమరీ), 64 జీబీ స్టోరేజీ (ఫైళ్లు దాచుకునే చోటు). ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. నెల్లిమర్ల నుంచి బస్సెక్కి విజయనగరం వెళ్లి ఒక రిపేరు షాపులో చూపించాను.

"8 జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ వేసేద్దాం అంకుల్. 4,800 అవుద్ది, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నాడు అక్కడి కుర్రాడు. (ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచుకునే వేగమైన డ్రైవ్.) వెనక మూత విప్పనైనా లేదు. అక్కడే నేను ఆగి ఉండాల్సింది.

సాయంత్రం వెళ్తే సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ తెరిచాడు. పైన పెద్ద అక్షరాల్లో 8జీబీ-256ఎస్‌ఎస్‌డీ అని ఉంది. 'డి' డ్రైవ్ కొత్తగా వచ్చింది. ల్యాప్‌టాప్ కూడా చకచకా తెరుచుకుంది. ఫోన్‌పేలో డబ్బులు కొట్టి వచ్చేశాను.

మూడు వారాలకి మళ్లీ పాత కథే. పైగా 'డి'లో పెట్టుకున్న ప్రాజెక్టు ఫైళ్లు సగం తెరుచుకోవడం లేదు. ఆ పిల్ల ఏడుపు చూసి నాకు నిద్ర పట్టలేదు. కూర్చుని ఒక్కొక్కటే చూస్తే అప్పుడు తెలిసింది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది కంప్యూటర్‌కి పెట్టుకునే పేరు మాత్రమే, రీనేమ్ నొక్కి ఎవరైనా మార్చుకోవచ్చు. కింద 'ఇన్‌స్టాల్డ్ ర్యామ్' వరుసలో 4 జీబీయే ఉంది. 'డి' మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎజెక్ట్' అని వచ్చింది. లోపల బిగించిన ఎస్‌ఎస్‌డీకి సాధారణంగా అది రాదు. పక్కనున్న సందులో మెమరీ కార్డు దూర్చి పెట్టారు! అదీ నకిలీదే. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే అసలు చోటు 32 జీబీ లోపే తేలింది. అలాంటి కార్డు నిండాక కూడా ఫైళ్లు కాపీ అయినట్టే చూపిస్తుంది, లోపల మాత్రం ఏమీ మిగలదు.

మరి మొదట్లో స్పీడు ఎలా వచ్చింది? విండోస్‌ని ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించారు, అంతే. ఏ ల్యాప్‌టాప్ అయినా ఫార్మాట్ చేసిన కొత్తలో బాగానే నడుస్తుంది. దయచేసి ఆ స్పీడు చూసి డబ్బులివ్వకండి.

ఇలాంటి చవక ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్, స్టోరేజీ చిప్పులు రెండూ మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డుకే) అతికించి వస్తాయి, తీసి మార్చే వీలుండదు. షాపుకి వెళ్లే ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ చూడండి. 'ఫామ్ ఫ్యాక్టర్' ఎదురుగా 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే సాధారణంగా అతికించినదే, 'సోడిమ్' అంటే తీసి మార్చుకునే రకం. కొన్ని మోడళ్లలో ఎస్‌ఎస్‌డీ బిగించుకునే ఎం.2 అనే స్లాటు ఖాళీగా ఉంటుంది. ఉంటే మీ ఎదుటే మూత విప్పించి, మీ ఎదుటే బిగించమనండి. మొహమాటపడొద్దు.

మాకు నిజంగా పనికొచ్చినవి పైసా ఖర్చు లేనివి. స్టార్టప్‌లో తమంతట తాము తెరుచుకునే యాప్‌లు ఆపేశాం, సి డ్రైవ్‌లో 15 జీబీ ఖాళీ చేశాం, బ్రౌజర్‌లో ఒకేసారి నాలుగైదు ట్యాబ్‌లకు మించి తెరవడం మానేశాం. వీడియో ఎడిటింగ్ దీని వల్ల కాదు గానీ, వర్డ్‌లో నోట్స్ రాసుకోవడానికి, క్లాసులు వినడానికి ఇప్పుడు టెన్షన్ లేదు.

షాపువాడు "మీరే కార్డు మార్చేసి ఉంటారు" అంటున్నాడు. నా దగ్గర బిల్లు లేదు, పెన్నుతో రాసిచ్చిన చీటీ, ఫోన్‌పే రికార్డు ఉన్నాయి. వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, అవసరమైతే అక్కడికీ వెళ్తాను. మీకూ ఇలాగే జరిగి ఉంటే కింద రాయండి, కలిసి వెళ్దాం.