పెళ్లి వీడియోలకు రెయిడ్: కొన్నేళ్లు వాడాక నా మాట

అమలాపురంలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. నాలుగు డిస్కులు పట్టే నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌కు కలిపి కంప్యూటర్లన్నీ వాడుకునే స్టోరేజీ పెట్టె) 4 టీబీ డిస్కులు నాలుగు వేసి, రెయిడ్ 6 పెట్టి కొన్నేళ్లుగా వాడుతున్నాం. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి, వాటిలో ఏదైనా పోయినా డేటా నిలిచేలా రాసే పద్ధతి. 5, 6 అనేవి అందులో రకాలు. పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది. అయితే కొనేటప్పుడు షాపులో ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

ఇవే డిస్కులకు రెయిడ్ 5 పెడితే 12 టీబీ వాడుకోవచ్చు. రెయిడ్ 6లో 8 టీబీయే మిగులుతుంది. ఆ తేడా చూసి చాలామంది 5 పెట్టుకుంటారు. నేను వద్దంటాను. ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టాక, మిగిలినవాటిని మొదటి నుంచి చివరిదాకా చదివి, పోయిన డేటాను లెక్కగట్టి కొత్తదాంట్లో రాయాలి. దీన్నే రీబిల్డ్ అంటారు. సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా 4 టీబీకి ఏడు గంటలు దాటుతుంది, మధ్యలో ఎడిటింగ్ కూడా సాగితే ఇంకా ఎక్కువ. పాతబడిన డిస్కుల మీద అంత పని ఒక్కసారిగా పడేది అప్పుడే. రెయిడ్ 5లో ఆ గంటల్లో ఇంకోటి పోతే అన్నీ పోయినట్టే. 6లో రెండు పోయినా డేటా ఉంటుంది.

మాకు డిస్క్ పోయింది సరిగ్గా మాఘమాసం ముహూర్తాల్లో. పెట్టె బీప్‌మంది, ఒక లైటు రంగు మారింది, అంతే. ఎడిటింగ్ ఆగలేదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో రీఅలొకేటెడ్ సెక్టార్ల (చెడిపోయి పక్కన పెట్టిన భాగాల) సంఖ్య పెరుగుతుండటం చూసి, స్పేర్ డిస్క్ ముందే తెప్పించి పెట్టాం. వారంటీలో మార్చిచ్చేదాకా టెన్షన్ పడుతూ కూర్చోలేం కదా! షాపతను మొదట ఎస్ఎంఆర్ డిస్క్ చూపించాడు, వద్దన్నాను. వాటిలో డేటా రాసే ట్రాకులు ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. ఒకచోట తిరగరాయాలంటే పక్కవీ మళ్లీ రాయాలి. రీబిల్డ్ విపరీతంగా సాగుతుంది. ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి పడని సీఎంఆర్ డిస్క్ అని చూసే కొనండి.

ఆ మధ్య లంకల వైపు నుంచి ఒకావిడ వచ్చి, "మా నాన్నగారు అప్పగింతల్లో మాట్లాడింది మీ దగ్గర ఉంటుందాండి?" అని అడిగింది. ఆయన ఈమధ్యే పోయారట. మేమిచ్చిన వీడియోలో అక్కడ పాట వేశాం, ఆయన గొంతు వినబడదు. ఒరిజినల్‌లో ఉంది. తీసి ఇచ్చాం. ఒరిజినల్స్ చెరిపేసే స్టూడియోల వాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

మన ప్రాంతంలో డిస్కుల కంటే నాకు కరెంటు భయం ఎక్కువ. గాలీవానా వస్తే పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. రాస్తుండగా కరెంటు పోతే డేటాకూ ప్యారిటీకీ (పోయిన డేటాను లెక్కగట్టడానికి డిస్కుల్లో అదనంగా రాసేది) పొంతన కుదరకపోవచ్చు. ఇన్వర్టర్ ఉంది కదా అని వదిలేయకండి. అది మారే ఆ క్షణంలోనే కొన్ని మెషీన్లు రీస్టార్ట్ అవుతాయి. యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కు కలిపే యూపీఎస్ తీసుకుంటే, బ్యాటరీ తగ్గగానే పెట్టె తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట: రెయిడ్ బ్యాకప్ కాదు. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక పెళ్లి నలుగు ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే, అది రెయిడ్‌లోంచీ ఆ క్షణమే పోయింది. విడిగా ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచే మళ్లీ తెచ్చుకున్నాం. వైరస్ వచ్చినా, దొంగ ఎత్తుకెళ్లినా, నీళ్లొచ్చినా ఇంతే. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఒక కాపీ రాజమండ్రిలో మా బావగారింట్లో, మేడ మీద గదిలో ఉంచుతున్నాం. ముహూర్తాల సీజన్ అయ్యాక తెచ్చి కొత్తవి ఎక్కిస్తాం.

ఇంటి ఫొటోల వరకే అయితే నాలుగు డిస్కుల పెట్టె అక్కర్లేదు. రెండు డిస్కుల పెట్టెలో రెయిడ్ 1 పెట్టుకోండి, రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. మిగిలిన డబ్బుతో యూపీఎస్, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి.