స్టార్ట్-స్టాప్ కారుకు మామూలు బ్యాటరీ వేయించుకోకండి: నెల్లూరు నుంచి ఒక హెచ్చరిక

సిగ్నల్ దగ్గర ఇంజను తానే ఆగి, మళ్ళీ తానే అందుకునే పెట్రోలు కారు ఉన్నవారు బ్యాటరీ మార్చే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా మనవి.

గత వేసవిలో మా కారు బ్యాటరీ బలహీనపడితే నెల్లూరులోని ఒక దుకాణంలో కొత్తది వేయించాను. మాది మైల్డ్ హైబ్రిడ్ (ఇంజనుకు చిన్న మోటారు సాయం చేసే స్టార్ట్-స్టాప్ బండి) అని చెప్పి, పాత బ్యాటరీ మీద ఉన్న ఈఎఫ్‌బీ (స్టార్ట్-స్టాప్ వాడకానికి గట్టిపరచిన యాసిడ్ బ్యాటరీ రకం) అనే అక్షరాలు చూపించి మరీ అడిగాను. "అన్నీ పన్నెండు వోల్టులే సార్, ఊరికే రెండు వేలు ఎక్కువ పెట్టడమెందుకు?" అని దుకాణదారు అంటే నమ్మి, మామూలు యాసిడ్ బ్యాటరీకి ఒప్పుకున్నాను. అది నేను చేసిన పొరపాటు.

ఏడో నెలలో పెంచలకోన వెళ్ళి వస్తూ రాపూరులో టీకి ఆగాము. తిరిగి తాళం తిప్పితే టిక్కు టిక్కుమన్న చప్పుడే తప్ప ఇంజను కదలలేదు. ఆటోమేటిక్ గేర్ల బండి కనుక తోసి స్టార్టు చేసే వీలు లేక, డెబ్బై దాటిన మా అమ్మను రెండు గంటలసేపు చెట్టు కింద కూర్చోబెట్టవలసి వచ్చింది. అక్కడి మెకానిక్ మీటరు పెడితే 10.4 వోల్టులు చూపించింది. నిండుగా చార్జయిన బ్యాటరీ బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. లోపలి ఆరు సెల్లుల్లో ఒక్కొక్కటి రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది కాబట్టి, ఒక సెల్లు పోయిందని ఆయన అంకె చూడగానే చెప్పారు.

వారంటీ కోసం వెళితే, స్టార్ట్-స్టాప్ బండికి ఈ రకం వేస్తే వారంటీ వర్తించదని అదే దుకాణదారు చెప్పారు. వేసింది ఆయనే! కార్డులో బండి నంబరు, సీరియల్ నంబరు గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి. బిల్లులో బ్యాటరీ రకం రాయలేదు.

మామూలు బ్యాటరీ ఒక్కసారి స్టార్టరును తిప్పి, ఆ వెంటనే నిండుగా చార్జయ్యే పద్ధతికి తయారైనది. మన బండిలో ఇంజను ఆగిన ప్రతిసారీ లైట్లు, ఫ్యాను దాని మీదే నడుస్తాయి, మళ్ళీ స్టార్టరునూ అదే తిప్పాలి. సగం చార్జీలోనే పదే పదే పనిచేసి ప్లేట్లు దెబ్బతింటాయి. మన ఎండలు ఆ నష్టాన్ని ఇంకా త్వరపెడతాయి. ఈఎఫ్‌బీలో ప్లేట్లను ఈ వాడకానికి గట్టిపరుస్తారు. ఏజీఎం అనే ఇంకో రకంలో యాసిడ్ గాజునూలు పొరల్లో ఇంకి ఉంటుంది. ఏజీఎంతో వచ్చిన బండికి ఈఎఫ్‌బీ కూడా వేయకూడదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంతసేపు మోటారుతోనే నడవగల కారు) ఉన్నవారికి ఇంకో మాట. ఆ మోటారును నడిపే, నికెల్ మెటల్ హైడ్రైడ్ లేదా లిథియం అయాన్‌తో చేసిన పెద్ద బ్యాటరీ వేరు. నారింజ రంగు తీగలున్న ఆ భాగాన్ని బయటి దుకాణంలో ముట్టనివ్వకండి. ఆ కార్లలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది చస్తే బండి లేవదు. కొన్నింటిలో అది డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది కనుక, గాలి బయటికిపోయే గొట్టం లేని మామూలు బ్యాటరీని అక్కడ పెట్టనివ్వకండి. చార్జయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ మండే వాయువు.

బ్యాటరీ రకం, సీరియల్ నంబరు, బండి నంబరు బిల్లులో రాయించుకున్న తర్వాతే పాత బ్యాటరీని అప్పగించండి. నేను ముందే ఇచ్చేయడంతో, దాని మీది ఈఎఫ్‌బీ అక్షరాలు చూపించి అడిగే ఆధారం కూడా నా చేతిలో లేకుండా పోయింది.