కర్నూలులో టీవీ, సౌండ్ బార్ కొనేవాళ్లు జాగ్రత్త: షాపులో చూపించింది ఒకటి, ఇంటికి పంపింది ఇంకొకటి

మా నాయనకు చెవి కాస్త మందం. వార్తలు పెడితే వీధి చివరి దాకా వినిపిస్తాయి, అయినా "ఏమంటాండాడ్రా వాడు?" అని నన్నే అడుగుతాడు. ఆయన కోసమని పాత 32 అంగుళాల టీవీ తీసేసి 55 అంగుళాలది కొన్నాను. దాంతోపాటు వెనక రెండు స్పీకర్లు, ఒక ఊఫర్ ఉన్న సౌండ్ బార్. కర్నూలులోనే, ఓ మోస్తరు పెద్ద షాపులో. టీవీ 42 వేలు, సౌండ్ బార్ 11,500. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు. నేను ఎక్కడ బోల్తా పడ్డానో మాత్రం రాస్తున్నాను.

షాపులో చూపించింది క్యూఎల్ఈడీ టీవీ, అంటే రంగులు బాగా కనపడేలా ఎల్ఈడీ తెరకు అదనపు పొర వేసిన రకం. రంగులు భలే ఉన్నాయి. "మీ పీస్ గోడౌన్‌లో ఉంది సార్, సాయంత్రానికి పంపిస్తా" అన్నారు. తర్వాత మెల్లగా, "జీఎస్టీ బిల్లు వేస్తే 18 శాతం పోతుంది, బిల్లు వద్దంటే అందులో కొంత మీకే వదిలేస్తా" అన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గిన మాట నిజమే. కానీ ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుందన్న సంగతి ఆ తగ్గింపు సంబరంలో నాకు తట్టలేదు. చేతికిచ్చిన చీటీ మీద పైన 'ఎస్టిమేట్' అని ఉంది. కింద '55 స్మార్ట్ టీవీ - 1, సౌండ్ బార్ - 1', మొత్తం. అంతే. మోడల్ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు, షాపు జీఎస్టీ నంబర్ కూడా లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు ట్రాలీ ఆటోలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మేం అన్నాలు తింటుండగానే గోడకు బోల్టులు కొట్టి టీవీ తగిలించేశారు. లేబుల్ ఉండేది టీవీ వెనకాల. గోడకు తగిలించాక అది ఇక అంత తేలిగ్గా ఎవరికీ కనపడదు.

బొమ్మ వెలిసిపోయినట్టుంది. అడిగితే "షాపులో లైటింగ్ వేరు కదన్నా" అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. షాపుల్లో టీవీని డెమో మోడ్‌లో పెట్టి, వెలుగు నిండా పెంచి, 4కే వీడియో తిప్పుతుంటారు. మన ఇంట్లో వచ్చేది కేబుల్ బొమ్మ, దాన్ని 55 అంగుళాలకు సాగదీస్తే అలాగే ఉంటుంది. కాబట్టి పది రోజులు కేబుల్ వాణ్ణి తిట్టుకున్నాను, పాపం.

తర్వాత మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. చెంప గోడకు ఆనించి, ఫోన్ టార్చి వేసి, టీవీ వెనక లేబుల్ చదివాడు. మోడల్ నంబర్‌లో ముందు భాగమంతా అదే, చివరి రెండు అక్షరాలే తేడా. కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే అది మామూలు ఎల్ఈడీ రకం. షాపులో చూసిందేదో ఎలా తెలిసిందంటారా? మా ఆవిడ ఆ రోజు టీవీ పక్కన నిలబడి ఫొటో దిగి వాళ్ల చెల్లెలికి పంపింది. ఆ ఫొటోలో ధర కార్డు, దాని మీద మోడల్ నంబర్ స్పష్టంగా ఉన్నాయి.

సౌండ్ బార్ సంగతి ఇంకా సొగసు. అట్టపెట్టె మీద 600 వాట్లు అని వేలెడంత అక్షరాలు. మావాడు అడాప్టర్ తిప్పి చూశాడు. అవుట్‌పుట్ 18 వోల్టులు, 3 ఆంపియర్లు. 18ని 3తో గుణిస్తే 54 వాట్లు. బార్, ఊఫర్, వెనక స్పీకర్లు అన్నీ నడిచేది ఆ ఒక్క అడాప్టర్ మీదే. లోపలికి 54 పోతుంటే బయటికి 600 ఎలా వస్తాయి? "నిజంగా 600 అయితే అడాప్టర్ ఇటుకరాయంత ఉండాల మామా" అన్నాడు. ఆ 600 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో పీఎంపీఓ అని ఉంది. అది ఊరికే ఊదరగొట్టే లెక్క. మనం అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే స్పీకర్ ఆగకుండా నిజంగా ఇవ్వగలిగే శక్తి. షాపువాడు గుటకలు మింగితే అడాప్టర్ చూపించమనండి, లెక్క మీరే కట్టుకోవచ్చు.

ఇదొక్కటే కాదు. ఆ కుర్రాళ్లు మొదట హెచ్‌డీఎంఐ కేబుల్‌ను చేతికందిన పోర్టులో పెట్టారు, శబ్దం రాలేదు. దాంతో హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్ వైరు లాగి "సెట్టింగ్ అయిపాయె అన్నా" అని వెళ్లిపోయారు. ఆక్స్‌లో వచ్చేది రెండు ఛానెళ్ల (కుడి, ఎడమ) శబ్దమే. వెనక స్పీకర్లలోనూ ముందు వచ్చిందే మళ్లీ వస్తోంది. టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, టీవీ శబ్దాన్ని సౌండ్ బార్‌కు పంపేది అదే, మా దానికి మూడోది. సౌండ్ బార్ కేబుల్ అందులోనే పెట్టాలి, టీవీ సెట్టింగుల్లో సౌండ్ అవుట్‌పుట్‌ను కూడా దానికి మార్చాలి. మావాడు పది నిమిషాల్లో మార్చేశాడు. ఓటీటీలో సినిమా పెడితే వెనక స్పీకర్లలో వేరే శబ్దం మేం వినడం అప్పుడే మొదలు. నాయన చూసే వార్తలు మాత్రం ఎలాగూ రెండు ఛానెళ్లే కాబట్టి, ఆయనకు పెద్దగా ఒరిగింది లేదు. ఆయనకు కావాల్సింది మాటలకు మధ్యలో విడిగా స్పీకర్ ఉండే బార్. షాపులో అది అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు.

షాపుకు పోతే "బాక్స్ ఇప్పేసినారు కదన్నా" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఆధారంగా నా దగ్గరున్నవి యూపీఐ రసీదు, ఆ ఫొటో. రెండు వారాలకు సౌండ్ బార్ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చారు. టీవీ విషయంలో మాత్రం "చీటీలో ఏ మోడల్ అని లేదు కదా" అని అక్కడే కూర్చున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేద్దామని కాగితాలు సర్దుకుంటున్నాను. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

మీరు కొనేటప్పుడు పూర్తి మోడల్ నంబర్, చివరి అక్షరాలతో సహా, జీఎస్టీ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. గోడకు తగిలించక ముందే వెనక లేబుల్‌ను ఫొటో తీసుకోండి. అట్టపెట్టె కూడా దాచండి, దాని మీదా అదే నంబర్ ఉంటుంది. మా టీవీ పెట్టెను ఆ కుర్రాళ్లే "ఇంట్లో స్థలం వేస్ట్ అన్నా" అంటూ మడిచి ఆటోలో వేసుకుపోయారు. మంచి పిల్లలు అనుకుని చెరో వంద ఇచ్చి పంపాను.